చేయి మౌస్ మీదికి పోకుండా పని: ఆన్‌లైన్ సెంటర్లకు, మిల్లు లెక్కలకు కీబోర్డు షార్ట్‌కట్లు

జూన్, జులై నెలల్లో నల్లగొండ క్లాక్‌టవర్ దగ్గరైనా, మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లోనైనా ఆన్‌లైన్ సెంటర్ షట్టర్ లేవకముందే మెట్ల మీద జనం కూర్చొని ఉంటారు. దోస్త్ అనే అడ్మిషన్ల సైటులో డిగ్రీ సీటు కోసం వచ్చిన పిల్లలు, కులం, ఆదాయం సర్టిఫికెట్లకు వచ్చిన తల్లిదండ్రులు, పాస్‌బుక్కు పట్టుకొని భూమి వివరాలు చూపించుకోవడానికి వచ్చిన రైతులు. "అన్నా, జర జల్ది చెయ్యరాదే, దేవరకొండ బస్సు పోతది" అనే మాట పూటకు పదిసార్లు వినపడుతుంది.

ఆలస్యం టైపింగ్‌లో జరగడం తక్కువ. ఆపరేటర్లకు టైపింగ్ బాగానే వస్తుంది. కానీ ప్రతి గడి దగ్గరా కుడిచేయి కీబోర్డు వదిలి మౌస్ పట్టుకోవాలి, తెర మీద బాణం ఎక్కడుందో వెతకాలి, క్లిక్ చేయాలి, మళ్లీ అక్షరాల మీదికి రావాలి. ఒక దరఖాస్తులో 40 గడులుంటే ఇది 40 సార్లు. సారికి 2 సెకన్లే అనుకున్నా దరఖాస్తుకు 80 సెకన్లు. రోజుకు 60 దరఖాస్తులు చేసే చోట గంటా ఇరవై నిమిషాలు చేయి అటూ ఇటూ తిరగడానికే పోతుంది.

మౌస్ పనిని కీబోర్డు బటన్లతోనే చేయించే షార్ట్‌కట్లు ఈ సమయాన్ని మిగులుస్తాయి. అలాగని వంద షార్ట్‌కట్ల పట్టిక ప్రింటు తీసి గోడకు అంటించుకోవడం వల్ల లాభం లేదు. ఒక పూట మీ కుడిచేతిని గమనించండి. అది మౌస్ మీదికి ఏ పని కోసం ఎక్కువసార్లు పోతుందో చూసి, ఆ మూడు పనుల షార్ట్‌కట్లు మాత్రమే చీటీ మీద రాసి మానిటర్ కింది అంచున అంటించండి. వారం రోజులు ఆ మూడు పనులకు మౌస్ ముట్టుకోవద్దు. అవి చేతికి వచ్చాక చీటీ మార్చండి. ఇంటర్నెట్ సెంటర్ వాళ్లకు కావలసిన మూడు వేరు, మిర్యాలగూడ రైస్‌మిల్లులో లెక్కలు రాసేవాళ్లకు కావలసిన మూడు వేరు.

ముందుగా నొక్కే తీరు

కొత్తవాళ్లు షార్ట్‌కట్లంటే భయపడటానికి ఒకటే కారణం: కంట్రోల్, సి రెండూ ఒకేసారి కొడతారు. సి బటన్ వెంట్రుకవాసి ముందు పడితే కంప్యూటర్ దాన్ని ఉత్త సి అక్షరంగానే తీసుకుంటుంది. అప్పటికే ఒక పేరా సెలెక్ట్ చేసి ఉన్నారనుకోండి, ఆ పేరా మొత్తం పోయి దాని స్థానంలో ఒక్క సి మిగులుతుంది. కంప్యూటర్ చెడిపోయిందేమో అనుకుంటారు. ఏమీ కాలేదు, కంట్రోల్ + జెడ్ కొడితే పేరా తిరిగి వస్తుంది.

సరైన పద్ధతి ఇది. ఎడమచేతి చిటికెనవేలితో కంట్రోల్ నొక్కి పట్టుకోండి. అది పూర్తిగా దిగిన తర్వాత, చూపుడువేలితో అక్షరాన్ని ఒక్కసారి తట్టి వదలండి. ఆ తర్వాతే కంట్రోల్ వదలాలి. పట్టుకునేది కంట్రోల్, తట్టేది అక్షరం. జెడ్ (చేసింది రద్దు), ఎక్స్ (కట్), సి (కాపీ), వి (పేస్టు) నాలుగూ కింది వరుసలో పక్కపక్కనే ఉండటం వల్ల ఎడమచేయి ఒక్కటే ఈ పనులన్నీ చేస్తుంది, కుడిచేయి పెన్ను పట్టుకున్నా ఇబ్బంది లేదు. ఈ కట్, కాపీ, పేస్టు పద్ధతి 1970లలో జిరాక్స్ కంపెనీ పరిశోధనశాలలో కంప్యూటర్ శాస్త్రవేత్త ల్యారీ టెస్లర్ పనిచేసిన కాలంలో రూపుదిద్దుకుంది. మన దగ్గర జిరాక్స్ అంటే ఫోటోకాపీ దుకాణమే అయినా, అక్కడ పొద్దంతా చేసే కాపీ, పేస్టు పద్ధతి కూడా ఆ కంపెనీ గడప నుంచే వచ్చింది.

ఫారం నింపడం

ఆన్‌లైన్ ఫారంలో మొదటి గడిలో ఒక్కసారి క్లిక్ చేయండి. అక్కడి నుంచి ట్యాబ్ కొడితే తర్వాతి గడికి, షిఫ్ట్ + ట్యాబ్ కొడితే వెనక గడికి పోతుంది. ట్యాబ్‌తో గడిలోకి వచ్చినప్పుడు అందులో అప్పటికే ఉన్నది మొత్తం సెలెక్ట్ అయి ఉంటుంది. అంటే తప్పు పడిన దాన్ని చెరపాల్సిన పని లేదు, నేరుగా టైపు చేస్తే పాతది పోతుంది. టిక్కు పెట్టే చిన్న గడి వస్తే స్పేస్ బార్ నొక్కండి. పురుషుడు, స్త్రీ లాంటి గుండ్రటి బటన్లు వస్తే పైకి, కిందికి బాణాలతో మార్చండి.

ఎక్కువ సమయం తినేది జిల్లా, మండలం, గ్రామం ఎంచుకునే జాబితాలే. జాబితా మీదికి ట్యాబ్‌తో వచ్చి పేరు ఇంగ్లీషు అక్షరాలు గబగబా కొట్టండి, జాబితా తెరవాల్సిన పని కూడా లేదు. ఎన్ ఒక్కటే కొడితే నాగర్‌కర్నూల్ దగ్గర ఆగుతుంది, ఎందుకంటే అక్షరక్రమంలో అదే ముందు. ఎన్, ఏ, ఎల్ వరుసగా కొడితే నల్లగొండ. ఎన్, ఏ, ఆర్ కొడితే నారాయణపేట. మధ్యలో సుమారు ఒక సెకను ఆగారో, అంతవరకు కొట్టింది మరిచిపోయి కొత్త అక్షరం నుంచి మొదలుపెడుతుంది. ఎన్, ఏ కొట్టి ఆలోచించి ఎల్ కొట్టారనుకోండి, ఎల్‌తో మొదలయ్యే జిల్లా లేదు కాబట్టి నాగర్‌కర్నూల్ దగ్గరే ఉండిపోతుంది.

పాలమూరు వాళ్లకు ఇక్కడ ఒక గుంట ఉంది. మహబూబాబాద్, మహబూబ్‌నగర్ రెండూ ఇంగ్లీషులో మొదటి ఏడు అక్షరాలు ఒకే తీరుగా ఉంటాయి. ఎం, ఏ, హెచ్, ఏ కొట్టి ఎంటర్ నొక్కితే పడేది మహబూబాబాద్. మండలాల జాబితాలో జడ్చర్ల కనపడకపోయేసరికి సైటు పనిచేయడం లేదనుకుంటారు. నాలుగు అక్షరాలు కొట్టాక కింది బాణం ఒక్కసారి నొక్కితే మహబూబ్‌నగర్ వస్తుంది. పేరు కళ్లతో చూసుకున్నాకే ట్యాబ్ కొట్టండి. జిల్లా తప్పు పడ్డ దరఖాస్తు వేరే ఆఫీసుకు పోతే తిరగాల్సింది దరఖాస్తుదారుడే.

జిల్లా ఎంచుకున్న వెంటనే మండలాల జాబితా నిండదు. సర్వరు నుంచి రావడానికి క్షణమో రెండు క్షణాలో పడుతుంది. ఆలోపే ట్యాబ్ కొట్టి అక్షరాలు కొడితే అవి ఖాళీ జాబితాలో పోతాయి. ఆల్ట్ + కింది బాణం నొక్కితే జాబితా తెరుచుకుంటుంది, నిండిందో లేదో చూడవచ్చు. ఇంకొన్ని సైట్లలో జాబితా లాగా కనిపించేది నిజానికి వెతుకుడు పెట్టె. దాంట్లో మాత్రం టైపు చేసి, బాణంతో దిగి, ఎంటర్ కొట్టాలి.

పుట్టిన తేదీ గడిలో రోజు, నెల రెండంకెలతో కొట్టండి. 5కు బదులు 05. ఒక్క 1 కొడితే అది 1వ తేదీనో, 10 నుంచి 19 మధ్యదో తెలియక ఆగిపోతుంది. 01 కొడితే తనంతట తానే నెలకు జరుగుతుంది. బ్రౌజరు భాష అమెరికా ఇంగ్లీషుగా ఉన్న కంప్యూటర్లలో నెల ముందు, రోజు తర్వాత అడుగుతుంది. 05, 11 కొడితే నవంబరు 5 కాకుండా మే 11 అవుతుంది, ఎర్ర గీత కూడా రాదు. 13వ తేదీ నుంచి పైవి నెల చోట సరిపోవు కాబట్టి తేడా కంటికి తెలుస్తుంది కానీ 12 దాకా ఉన్నవి మౌనంగా తారుమారవుతాయి. ఆధార్ కార్డుతో ఒకసారి పోల్చి చూసుకోవడం తప్పదు. కొన్ని ఫారాలు క్యాలెండర్ మీద క్లిక్ చేస్తేనే తేదీ తీసుకుంటాయి. అక్కడ మౌస్ వాడండి, పట్టుదల వద్దు.

ఎంటర్‌తో జాగ్రత్త. వర్డ్‌లో అలవాటైన చేయి ఫారంలో కూడా గడి నింపగానే ఎంటర్ కొడుతుంది, సగం నిండిన ఫారం సబ్మిట్ అయిపోతుంది. ఎఫ్5 కొడితే పేజీ మళ్లీ లోడ్ అయి రాసిందంతా పోవచ్చు. డబ్బు కట్టే పేజీలో ఎఫ్5 గానీ, వెనక్కి పోయే ఆల్ట్ + ఎడమ బాణం గానీ అసలే వద్దు. పేజీ తిరుగుతూ ఉంటే కంట్రోల్ + టి తో బ్రౌజరులో ఇంకో ట్యాబు (పేజీ) తెరిచి, లావాదేవీ అయిందో లేదో అక్కడ చూడండి.

నంబర్లు కాపీ చేసేటప్పుడు

ఆధార్ నంబరు వాట్సాప్‌లో వస్తుంది. దాన్ని కాపీ చేసి ఫారంలో పేస్టు చేస్తే కొన్నిసార్లు నంబరు చెల్లదు అంటుంది, అంకెలన్నీ సరిగ్గానే కనిపిస్తాయి. కనపడని స్పేసు దీనికి కారణం. విండోస్‌లో డబుల్ క్లిక్ చేసినప్పుడు పదంతో పాటు దాని వెనక ఖాళీ కూడా సెలెక్ట్ కావచ్చు. మౌస్‌తో లాగినప్పుడు ముందున్న ఖాళీ కూడా వస్తుంది. గడి 12 అక్షరాలే తీసుకుంటుంది అనుకుంటే, ముందు స్పేసు ఒక చోటు ఆక్రమించి చివరి అంకె తెగిపోతుంది. మధ్యలో ఖాళీలతో నాలుగు నాలుగు అంకెలుగా రాసి పంపిన నంబరుదీ ఇదే కథ. పేస్టు చేశాక హోం నొక్కి మొదటి అంకె ముందు, ఎండ్ నొక్కి చివరి అంకె తర్వాత ఖాళీ ఉందేమో చూడండి, రెండు క్షణాల పని.

కాపీ చేసిన వాక్యం వర్డ్‌లో పెద్ద అక్షరాలతో, రంగులతో వచ్చి పడితే కంట్రోల్ + షిఫ్ట్ + వి వాడండి. ఉత్త అక్షరాలే వస్తాయి. బ్రౌజర్లలో, వర్డ్ కొత్త వెర్షన్లలో ఇది పనిచేస్తుంది. బ్యాంకు ఖాతా నంబరును రెండోసారి అడిగే గడి మాత్రం చాలా సైట్లలో పేస్టు తీసుకోదు. అది మంచికే, రెండోసారి పాస్‌బుక్కు చూసి కొట్టాలనే అలా పెట్టారు.

ఒకటి కాపీ చేస్తే ముందుది పోతుందని చాలామంది పేరు కాపీ, పేస్టు, మళ్లీ వెనక్కి, తండ్రి పేరు కాపీ, పేస్టు అని తిరుగుతుంటారు. విండోస్ బటన్ + వి నొక్కండి. మొదటిసారి ఆన్ చేయమని అడుగుతుంది, ఒప్పుకోండి. విండోస్ 10లో 2018 నుంచి ఈ సౌకర్యం ఉంది. ఇక మీదట కాపీ చేసినవి 25 దాకా గుర్తు పెట్టుకుంటుంది. పేరు, తండ్రి పేరు, ఆధార్, ఖాతా, ఐఎఫ్‌ఎస్‌సి కోడు అన్నీ వరుసగా కాపీ చేసుకొని, ఫారంలోకి పోయి ఒక్కో గడిలో విండోస్ + వి కొట్టి కావలసినది ఎంచుకోండి. సెంటరు చిరునామా, సెంటరు మెయిల్ ఐడీ లాంటివి పిన్ చేసి పెడితే కంప్యూటర్ ఆపి తీసినా ఉంటాయి, మిగతావి పోతాయి.

కిటికీలు మార్చడం

ఆల్ట్ + ట్యాబ్ ఒకసారి తట్టి వదిలితే ఇప్పుడున్న కిటికీ (విండో), దాని ముందు వాడిన కిటికీ మధ్య మారుతుంది. మళ్లీ తడితే తిరిగి వస్తుంది. మూడోది కావాలంటే ఆల్ట్ వదలకుండా ట్యాబ్ మళ్లీ మళ్లీ తట్టాలి. అంతకంటే మేలైనది, స్కాన్ చేసిన కాగితం తెరిచి విండోస్ + ఎడమ బాణం కొట్టడం. అది ఎడమ సగానికి పోతుంది, కుడి సగానికి ఫారం ఎంచుకోండి. కాగితం చూస్తూ నింపవచ్చు, మారాల్సిన పనే ఉండదు.

బ్రౌజరులో కంట్రోల్ + 1 నుంచి 8 వరకు వరుసగా ట్యాబులు, 9 కొడితే చివరి ట్యాబు. కంట్రోల్ + ఎల్ కొడితే అడ్రసు పట్టీలోకి పోతుంది. పొరపాటున మూసిన ట్యాబును కంట్రోల్ + షిఫ్ట్ + టి వెనక్కి తెస్తుంది, కానీ అందులో నింపిన వివరాలు వస్తాయన్న భరోసా లేదు.

ఫీజు కట్టాక వచ్చే రసీదు పేజీని ఫోన్‌తో ఫోటో తీయకండి. విండోస్ + షిఫ్ట్ + ఎస్ కొట్టి కావలసిన మేరకు గీసి, వాట్సాప్ వెబ్‌లో కంట్రోల్ + వి కొట్టండి. లావాదేవీ నంబరు అక్షరం పొల్లుపోకుండా వాళ్ల ఫోన్‌కు చేరుతుంది.

స్కాన్ ఫైళ్ల పేర్లు మార్చడానికి ఎఫ్2. ఒకదాని పేరు కొట్టి ఎంటర్‌కు బదులు ట్యాబ్ నొక్కితే కింది ఫైలు పేరు మార్చడానికి సిద్ధంగా ఉంటుంది. పది సర్టిఫికెట్ల పేర్లు చేయి ఎత్తకుండా మార్చవచ్చు.

వడ్ల లెక్క ఎక్సెల్‌లో

కొనుగోలు కేంద్రం జాబితానే తీసుకుందాం. వరుసగా రైతు పేరు, ఊరు, ఆధార్, బస్తాలు, క్వింటాళ్లు, మొత్తం. ఏ నిలువు వరుసలో పేరు, బి లో ఊరు, సి లో ఆధార్, డి లో బస్తాలు, ఈ లో క్వింటాళ్లు, ఎఫ్ లో సొమ్ము.

టైపు మొదలుపెట్టే ముందే ఆధార్ నిలువు వరుసలో ఏదో ఒక గడిలో నిలబడి కంట్రోల్ + స్పేస్ కొట్టండి, నిలువు వరుస మొత్తం సెలెక్ట్ అవుతుంది. తర్వాత కంట్రోల్ + 1 కొట్టి, టెక్స్ట్ ఎంచుకొని ఎంటర్ కొట్టండి. ఇది చేయకపోతే ఎక్సెల్ 12 అంకెల ఆధార్‌ను మధ్యలో చుక్క, చివర ఈ+11 పెట్టి కుదించి చూపిస్తుంది. బ్యాంకు ఖాతాల దగ్గర నష్టం ఇంకా పెద్దది. ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి, 15 అంకెలు దాటితే 16వ అంకె నుంచి అన్నీ సున్నాలైపోతాయి. అలా పోయిన అంకెలు తర్వాత టెక్స్ట్‌గా మార్చినా రావు. జాబితా పంపాక డబ్బులు పడలేదని రైతులు తిరగడానికి ఇలాంటి తప్పు ఒక్కటి చాలు.

పేరు కొట్టి ట్యాబ్, ఊరు కొట్టి ట్యాబ్, ఆధార్ ట్యాబ్, బస్తాలు కొట్టి ఎంటర్. ట్యాబులతో నడిచి ఎంటర్ కొడితే కింది వరుసలో మొదలుపెట్టిన పేరు గడికే వస్తుంది. మధ్యలో మౌస్ గానీ, బాణాలు గానీ ముట్టుకుంటే ఈ వరుస తెగుతుంది. పై వరుసలోని ఊరే మళ్లీ కావాలంటే ఆ గడిలో కంట్రోల్ + డి కొట్టండి, పైనున్నది దిగుతుంది. ఒక ఊరి రైతులు వరుసగా వచ్చినప్పుడు ఇది ఎంతో కలిసివస్తుంది. తేదీ గడి ఉంటే కంట్రోల్ + సెమీకోలన్, ఈరోజు తేదీ పడుతుంది, రేపు మారదు.

ఇక లెక్క. బస్తాకు 40 కిలోల చొప్పున ఈ2 గడిలో =డి2*40/100 అని సూత్రం కొట్టండి (తెర మీద అక్షరాలు ఇంగ్లీషులోనే కొట్టాలి). మద్దతు ధరను హెచ్1 గడిలో ఒక్కసారే రాసి పెట్టండి. 2025–26 సీజన్‌కు గ్రేడ్ ఏ వడ్లు క్వింటాలుకు 2389 రూపాయలు. ఎఫ్2 గడిలో =ఈ2*హెచ్1 కొట్టి, హెచ్1 పక్కన కర్సర్ ఉండగానే ఎఫ్4 బటన్ నొక్కండి. హెచ్‌కు ముందు, 1కి ముందు డాలర్ గుర్తులు వస్తాయి. అంటే ఆ గడి కదలదు. 100 బస్తాలకు 40 క్వింటాళ్లు, 95,560 రూపాయలు రావాలి. వచ్చిందో లేదో చూసుకోండి.

ఎఫ్4 మరిచిపోతే మొదటి వరుస సరిగ్గానే వస్తుంది. కిందికి దించినప్పుడు రెండో వరుస హెచ్2ను, మూడోది హెచ్3ని వెతుక్కుంటూ పోతాయి. అవి ఖాళీ కాబట్టి సొమ్ము సున్నా. సున్నాల వరుస కనపడిందంటే ముందు చూడాల్సింది డాలర్ గుర్తులే.

సూత్రాన్ని కిందిదాకా దించడానికి ఈ2, ఎఫ్2 రెండూ సెలెక్ట్ చేసి, షిఫ్ట్ పట్టుకొని కింది బాణంతో చివరి రైతు వరుస దాకా దిగి కంట్రోల్ + డి కొట్టండి. కంట్రోల్ + కింది బాణం నిండిన గడుల చివరకు ఒక్క గెంతులో తీసుకుపోతుంది. మధ్యలో ఒక గడి ఖాళీ ఉంటే అక్కడే ఆగుతుంది. ఇది లోపం లాగా అనిపించినా, వదిలేసిన గడిని పట్టుకోవడానికి దీనికి మించిన మార్గం లేదు. చివర మొత్తం కోసం కింది ఖాళీ గడిలో ఆల్ట్ + సమానం గుర్తు కొట్టి, చుక్కల గీత ఏయే గడులను కలుపుకుందో చూసి ఎంటర్ నొక్కండి.

కంట్రోల్ + డి కింద ఉన్నదాన్ని అడగకుండానే తుడిచి రాస్తుంది. నిండిన జాబితాలో వాడేటప్పుడు సెలెక్ట్ చేసింది ఒకసారి చూసుకోవాలి.

ట్యాలీలో

మిల్లుల్లో, పత్తి కొనుగోలు దుకాణాల్లో ట్యాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) మీద కూర్చునేవాళ్లు మౌస్‌ను పక్కకు నెట్టే పనిచేస్తారు. ఎఫ్5 చెల్లింపు, ఎఫ్6 వసూలు, ఎఫ్7 జర్నల్, ఎఫ్8 అమ్మకం, ఎఫ్9 కొనుగోలు, ఎఫ్2 తేదీ. వోచరు మధ్యలో కొత్త రైతు పేరు వస్తే బయటికి రాకుండా ఆల్ట్ + సి తో అక్కడే ఖాతా తెరవండి.

గట్టిగా గుర్తుంచుకోవాల్సింది కంట్రోల్ + ఏ. ట్యాలీలో అది సేవ్. వర్డ్‌లో, ఎక్సెల్‌లో, బ్రౌజరులో అది మొత్తం సెలెక్ట్. ట్యాలీ నుంచి వర్డ్‌కు మారి, అలవాటుకొద్దీ సేవ్ అనుకొని కంట్రోల్ + ఏ కొట్టి, వెంటనే తర్వాతి పదం మొదలుపెడితే ఉత్తరం మొత్తం పోతుంది. కంగారుపడి ఫైలు మూయకండి, మూసేటప్పుడు సేవ్ కూడా చేశారంటే ఇక దొరకదు. మూయకముందే కంట్రోల్ + జెడ్ కొట్టాలి.

తెలుగు టైపింగ్ మధ్యలో

అను (పాత తరహా తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్) లో కొట్టిన తెలుగు ఆన్‌లైన్ ఫారాలకు పనికిరాదు. పెళ్లి పత్రికకు, ఫ్లెక్సీకి బాగానే ఉంటుంది కానీ ఆ ఫాంటు లేని చోట పిచ్చి గుర్తులుగా కనపడుతుంది, కంట్రోల్ + ఎఫ్ తో తెలుగు మాట వెతికినా దొరకదు. ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే కనపడే యూనికోడ్ కావాలి. విండోస్ సెట్టింగుల్లో భాషల దగ్గర తెలుగు చేర్చి, అందులో కీబోర్డుగా ఇన్‌స్క్రిప్ట్ (ఒక్కో బటన్‌కు ఒక్కో తెలుగు అక్షరం ఉండే అమరిక) గానీ, తెలుగు ఫొనెటిక్ గానీ పెట్టుకోండి. ఇంగ్లీషు అక్షరాలతో రాసే ఫొనెటిక్ 2019 నుంచి విండోస్ 10లోనే ఉంది. విండోస్ + స్పేస్ కొడితే ఇంగ్లీషు, తెలుగు మారుతుంటాయి.

రోజంతా తెలుగు కొట్టేవాళ్లకు ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోమనే చెప్పాలి. గుణింతాలు ఎడమచేతికి, హల్లులు ఎక్కువగా కుడిచేతికి వస్తాయి కాబట్టి రెండు చేతులూ వంతులవారీగా ఆడతాయి. నల్గొండ అని రాయాలంటే వి, ఎన్, డి, ఐ, ట్యాబ్ పైనున్న బటన్, ఎక్స్, పి పక్కనున్న చదరపు బ్రాకెట్ వరుసగా కొట్టాలి. న, ల, పొల్లు, గ, ఒత్వం, సున్నా, డ. ఏడు తట్లు. డి బటన్ పొల్లు అని గుర్తుంటే వత్తులన్నీ వచ్చినట్టే.

ఫారం మధ్యలో పాస్‌వర్డ్ తప్పు, తప్పు అని వస్తుంటే గడియారం పక్కన భాష గుర్తు చూడండి. తెలుగులో ఉండిపోయి ఉంటుంది. పాస్‌వర్డ్ చుక్కలుగా కనపడుతుంది కాబట్టి కొట్టేవాళ్లకు తెలియదు. మూడుసార్లు తప్పు కొట్టి ఖాతా లాక్ చేసుకోకముందే ఇది చూడాలి. ఎడమ ఆల్ట్ + షిఫ్ట్ పొరపాటున పడినా భాష మారిపోతుంది.

పనిచేయకపోతే

లాప్‌టాప్‌లో ఎఫ్2 కొడితే వెలుతురు మారుతుందా? పై వరుస బటన్లకు రెండు పనులుంటాయి. ఎఫ్ఎన్ పట్టుకొని ఎఫ్2 కొట్టండి, లేదా చాలా లాప్‌టాపుల్లో ఎఫ్ఎన్ + ఎస్కేప్ ఒకసారి కొడితే శాశ్వతంగా మారుతుంది. ఎక్సెల్‌లో బాణాలు కొడితే గడి మారకుండా తెర కదులుతుంటే స్క్రోల్ లాక్ పడి ఉంది. కొత్తది రాస్తుంటే ముందున్న అక్షరాలు చెరిగిపోతున్నాయంటే ఇన్సర్ట్ బటన్ నొక్కారు. నంబర్ ప్యాడ్ అంకెలు రాకపోతే నమ్ లాక్. షిఫ్ట్ వరుసగా ఐదుసార్లు నొక్కితే స్టికీ కీస్ కావాలా అని అడుగుతుంది, వద్దనండి. కొన్ని పాత కంప్యూటర్లలో కంట్రోల్ + ఆల్ట్ + బాణం పడి తెర తలకిందులవుతుంది, కంట్రోల్ + ఆల్ట్ + పై బాణం దాన్ని నిలబెడుతుంది.

కరెంటు సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఎండకాలం గాలిదుమారానికి లైను పోయిందంటే యూపీఎస్ బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో దేవుడికే తెలియాలి. వర్డ్ తనంతట తాను దాచుకోవడం మామూలుగా 10 నిమిషాలకు ఒకసారి. అంటే తొమ్మిది నిమిషాల పని పోయే వీలుంది. పేరా పూర్తయినప్పుడల్లా, ఎవరైనా పిలిచినప్పుడల్లా కంట్రోల్ + ఎస్ కొట్టండి. ఫైలుకు పేరు మొదటి వాక్యానికి ముందే పెట్టండి. పేరు లేని ఫైలులో కంట్రోల్ + ఎస్ కొడితే పేరు అడుగుతుంది, హడావుడిలో ఎస్కేప్ కొట్టి వదిలేస్తారు.

సీటు లేచేటప్పుడు, షట్టర్ దించేటప్పుడు

మీ దగ్గరికి వచ్చినవాళ్ల ఆధార్, ఖాతా, ఫోన్ నంబర్లన్నీ ఆ కంప్యూటర్‌లోనే ఉంటాయి. టీకి లేచినా విండోస్ + ఎల్ కొట్టి లాక్ చేయండి. విద్యార్థులు తమ మెయిల్ తెరవాలంటే క్రోమ్, ఎడ్జ్ బ్రౌజర్లలో కంట్రోల్ + షిఫ్ట్ + ఎన్ తో వేరే ప్రైవేటు కిటికీ తెరిచి ఇవ్వండి, పనయ్యాక ఆల్ట్ + ఎఫ్4 తో మూస్తే వాళ్ల లాగిన్ మిగలదు. మూశాక కుకీలు (సైట్లు బ్రౌజరులో దాచే లాగిన్ గుర్తులు) మిగలవు కానీ దించుకున్న ఫైళ్లు డౌన్‌లోడ్స్‌లోనే ఉంటాయి.

సాయంత్రం మూడు పనులు. విండోస్ + వి తెరిచి అన్నీ క్లియర్ చేయండి, పిన్ చేసినవి ఉండిపోతాయి. డౌన్‌లోడ్స్ ఫోల్డరులో కస్టమర్ల ఫైళ్లను సెలెక్ట్ చేసి షిఫ్ట్ + డిలీట్ కొట్టండి, రీసైకిల్ బిన్‌లో కూడా మిగలవు కాబట్టి ఎంటర్ కొట్టే ముందు ఎన్ని ఫైళ్లో చదవండి. బ్రౌజరులో కంట్రోల్ + షిఫ్ట్ + డిలీట్ కొట్టి చరిత్ర, కుకీలు, నింపిన ఫారాల వివరాలు తీసేయండి. సెంటరు పోర్టల్ లాగిన్ అందులో దాచి ఉంటే పాస్‌వర్డుల టిక్కు మాత్రం తీసి ఉంచండి.